సూరిబాబుకి చోటు

జ్ఞానమ్మ మామ్మ ప్రార్థనకి నిలబడిందంటే ఆ ఇంట్లో కూర చల్లారిపోవాల్సిందే. ఆదాము దగ్గర మొదలుపెట్టి, ఊళ్ళో వాళ్ళందరినీ వరసగా దేవుడికి పరిచయం చేసి, ఆయన మరిచిపోయి ఉంటాడేమోనని వాళ్ళ తప్పులు కూడా గుర్తుచేసి గానీ ఆమేన్ అనేది కాదు. కొత్తపేట దగ్గర వాళ్ళ పేటలో ఎవరికి జబ్బు చేసినా తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని వచ్చేసేది. మంచం మీదున్న మనిషి లేచి పారిపోలేడు కదా.

ఆ వేసవిలో మంచం పట్టినవాడు సూరిబాబు. అమలాపురం నుంచి ఓడలరేవు దాకా ఆటో తోలినవాడు. తాగి తాగి కాలేయం పాడైపోయింది. పొట్ట నిండా నీరు పట్టింది, కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. చూసుకునేది కూతురు బిందు ఒక్కతే. తాగి చర్చిలో గొడవ చేశాడని సంఘం అతన్ని ఎప్పుడో బల్లలోంచి తీసేసింది. అంటే ప్రభు భోజనం లేదు, పోతే సమాధుల తోటలో చోటూ లేదు. తప్పు ఒప్పుకుని మారుమనసు పొందితే మాత్రం ఇస్తారు.

"వాడి చేత ఒప్పిస్తాను, చూస్తూ ఉండండి" అని మామ్మ ఆడవాళ్ళ కూడికలో చెప్పేసింది. అంతకుముందు ఇద్దరు తాగుబోతుల్ని దారికి తెచ్చిన మనిషి. మూడోవాణ్ణి వదులుకుంటుందా?

మొదటిరోజు మంచం పక్కన నిలబడి కళ్ళు మూసుకుంది. ప్రార్థన ఇంకా నోవహు ఓడ దాటలేదు, సూరిబాబు మూలిగాడు.

"పిన్నిగారూ, ఒక్కసారి పక్కకి తిప్పండి. నడుం మండిపోతోంది."

"ఆగరా, మధ్యలో ఆపకూడదు."

మళ్ళీ పిలిచాడు. మామ్మ గొంతు పెంచింది. నీళ్ళకి వెళ్ళిన బిందు బిందె దింపి పరుగున వచ్చి తండ్రిని తిప్పింది. దుప్పటితో పాటు వీపు చర్మం ఊడొచ్చింది.

"మీకు మా నాన్న అక్కర్లేదు మామ్మగారూ" అంది బిందు. గొంతు పెద్దది చెయ్యలేదు. "మా నాన్న మారుమనసు కావాలి. అది దొరికాక వెళ్ళిపోతారు."

మామ్మకి ఎదురు మాట్లాడటం రాక కాదు. ఆ ఊళ్ళో ఆవిడ నోటికి జడవనివాళ్ళు లేరు. కానీ ఆవేళ బైబిలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చి పడుకుంది. కళ్ళు మూస్తే ఆ దుప్పటే కనిపించింది.

మర్నాడు పొద్దున్నే పాత నేతచీర కట్టుకుని, వేడినీళ్ళూ పాతగుడ్డలూ పట్టుకుని వెళ్ళింది.

"ఏంటి పిన్నిగారూ, ఇయ్యాళ దేవుడికి సెలవిచ్చేరా?" అన్నాడు సూరిబాబు.

"నోర్ముయ్యరా. ఇటు తిరుగు."

పుండు కడిగింది. కింది గుడ్డ మార్చింది. ఆ వాసనకి పెరట్లోకి పోయి వాంతి చేసుకుని, బిందు చూడలేదనుకుని మూతి తుడుచుకుని మళ్ళీ లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ వెళ్ళింది. మనిషిని శుభ్రం చేసి రావడమే తప్ప మారుమనసు మాట ఎత్తలేదు.

"నన్ను ఒప్పించరా?" అన్నాడొకసారి.

"ఇప్పుడడిగితే నా మొహం చూసి ఆయ్ అంటావు. నాకోసం చెప్పే ఒప్పుకోలు దేవుడికెందుకురా?"

చివరికి సూరిబాబు రక్తం కక్కుకుని పోయాడు. దేవుణ్ణి తలుచుకోలేదు. అమ్మా అని మాత్రం అరిచాడు.

సంఘ పెద్ద ప్రవీణ్ కుమార్ మాస్టారు వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. "జ్ఞానమ్మగారూ, దగ్గరుంది మీరే కదండీ. ఒప్పుకున్నాడా? మీరు ఆయ్ అంటే చాలు."

బిందు మామ్మ వైపు చూసింది. ఒక్క అబద్ధం ఆడితే తండ్రికి చోటు దొరుకుతుంది.

"లేదండి. నేను అడగలేదు."

"అడగలేదా! మరి ఇన్నాళ్ళూ ఏం చేసేరండీ?"

"కడిగేనండి."

బిందు తండ్రి మంచం పక్కన కూర్చుంది. మామ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి అంది. "మాస్టారూ, మా ఆయన పక్కన నాకని ఉంచిన చోటుంది. వీణ్ణి అందులో పెట్టండి."

"అది మీదండీ! నియమం…"

"వాడికి చోటివ్వద్దని కదండీ నియమం. నాది నేనిచ్చుకోకూడదని ఎక్కడా లేదు."

పెద్దలు మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. ఎండకి శవం ఉబ్బుతోంది. ఆఖరికి సరేనన్నారు, కానీ చర్చి గంట కొట్టం, పాస్టరు అయ్యగారు రారు అన్నారు. నలుగురే మోశారు.

మామ్మ మొగుడు బతికుండగా ఈ తాగుబోతు సూరిబాబు ఆటో ఎక్కాల్సి వస్తుందని ఎంత దూరమైనా నడిచే వెళ్ళేవాడు. ఇప్పుడు పక్కపక్కనే పడుకున్నారు. మామ్మని కూడిక పెద్దరికం నుంచి తీసేశారు. సొంత కొడుకే నెల్లాళ్ళు మాట్లాడలేదు.

"రేపు నిన్నెక్కడ పెట్టమంటావే?" అని ఆఖరికి అరిచాడు.

"నాకేం తెలుసురా. అప్పటికి నేనుండను కదా, మీ తిప్పలు మీరు పడండి."

తొలి వానలకి సూరిబాబు మీది మట్టి కుంగిపోయింది. మామ్మా బిందూ తట్టల్తో కాలవగట్టు మట్టి మోసి, కాళ్ళతో తొక్కి, సమం చేశారు.