గోడ మీది గమ్ము చుక్క

మా పక్కింటి ఫిట్టర్ తాత మొన్న బుధవారం పోయాడు. కాశిబుగ్గలో మా గల్లీ అంతా చర్చికి వచ్చింది. ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన ఎంత మంచివాడో చెప్పారు. నేను లేవలేదు. ఆయనంటే నాకు పడదు. పోయినంత మాత్రాన ఇప్పుడు పడుతుందా?

మూడేళ్ల కింద, దుకాణాలకు కోడిగుడ్లు వేసే నా బైకుకు ఇంటి దగ్గరే క్లచ్ ప్లేట్లు మార్చాను. ఇంజన్ పక్కమూత బిగించే ముందు, ఆయిల్ కారొద్దని మధ్యలో పెట్టే అట్ట గ్యాస్కెట్‌కు గమ్ము దట్టంగా పట్టించాను. గోడ మీంచి ఆయన తల లేచింది.

"ఏందిరా, రొట్టెకు జామ్ రాస్తానవా? తీసెయ్. సన్నగ రాయి."

"నా బండి, నా ఇష్టం తాతా," అన్నాను. చుక్క కారలేదు. నా అంతటివాడు లేడనుకున్నాను.

నెల తిరక్కుండా హసన్‌పర్తి దారిలో ఇంజన్ పట్టేసింది. ఆయనే విప్పాడు. లోపలికి పిండుకుపోయిన గమ్ము ముక్కలై ఆయిల్ జాలికి అడ్డం పడింది. ఆ ముక్కల్ని పేపర్ మీద పరిచి, గల్లీలో అందరినీ పిలిచి చూపించాడు, నా భార్యతో సహా.

"బయటికి కారకుంట చూస్కున్నడు. లోపల ఏమైతాందో చూస్కోలే."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు.

బాగు కూడా నా చేతే చేయించాడు. పాత గమ్మును వెదురు పుల్లతో గీకించాడు, స్క్రూడ్రైవర్ ముట్టనివ్వలేదు. కొత్తది పల్చగా రాయించి, ఒక చుక్క గోడ మీద పెట్టించాడు. "గది ఎండినంకనే ఆయిల్ పొయ్యి. జర ఆగితే సస్తవా?" ఆ బైకు ఇప్పటికీ నడుస్తోంది. అది ఒప్పుకోవాల్సి రావడం కూడా నాకు కోపమే.

నిన్న ఆయన భార్య పిలిచింది. "మీ తాత బండి ఆయిల్ కారుతాంది బిడ్డా, జర చూడు."

చివరి ఏడాది చేతులు వణుకుతున్నా ఆయన ఎవర్నీ ముట్టనివ్వని బండి అది. మూత విప్పాను. గమ్ము ఒకచోట ముద్దలు ముద్దలుగా ఉంది, ఇంకోచోట అసలే లేదు. నాకంటే ఘోరం.

మూడేళ్లుగా కాచుకున్న రోజు. పేపర్ పరిచి ముక్కలన్నీ ఏరి పెట్టాను. గల్లీలో జనం ఉన్నారు, ఒక్క కేక చాలు.

"ఏమైంది కొడుకా?" అవ్వ గుమ్మంలోంచి అడిగింది.

"ఏం లేదవ్వా. గ్యాస్కెట్ పాతగైంది."

పేపర్ మడిచి జేబులో పెట్టుకున్నాను. వెదురు పుల్లతో గీకి, పల్చగా రాసి, మూత బిగించి, వాళ్ల గోడ మీద చుక్క పెట్టబోయాను. అక్కడ ఆయన పెట్టిన పాత చుక్కల వరస ఉంది. మొదటివి ఆవగింజంత. చివరివి జారి గీతలైపోయాయి. వాటి పక్కన నాది ఇంకా తడిగా ఉంది.