తోడుకోని పాలు

మా ఆవిడ తోడేసిన పెరుగు ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా తప్పలేదు. నంద్యాలలో మా వీధి మొత్తం తోడు కోసం మా ఇంటికే వస్తుంది. గిన్నె బోర్లించినా ఆ పెరుగు కిందపడదు. ఒకసారి పిల్లి దాని మీద నడుచుకుంటూ పోయింది, పాదం తడవలేదు. ఇందులో కొంచెం పెంచి చెప్పినట్టు అనిపిస్తే ఒప్పుకుంటాను. అది మా పిల్లి కాదు.

అలాంటి ఇంట్లో ఈ ఎండాకాలం ఒక ఉదయం మూత తీస్తే, పాలు పాలుగానే ఉన్నాయి. రెండో రోజూ అంతే. మా ఆవిడ తోడు మార్చింది, గిన్నె మార్చింది, గిన్నె పెట్టే మూల మార్చింది. మూడో రోజూ పెరుగు కాలేదు. ఇక మార్చడానికి ఇంట్లో నేనొక్కడినే మిగిలాను.

నా మీద అనుమానం ఊరికే రాలేదు. ఆ పాలు కుదిర్చింది నేనే. మా అమ్మాయి ఉద్యోగానికి పోతూ ఏడాది నిండిన మనవరాలిని మా దగ్గర వదిలి వెళ్తుంది. పాప గ్లాసు పాలు తాగడం మొదలుపెట్టగానే నేను వీధి మధ్యలో నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. "ప్యాకెట్ పాలకు తల్లెవరో తెలుసా మీకు? వెయ్యి బర్రెలు! మనకు తెలిసిన బర్రె పాలే మనం తాగాల." జనం కన్నీళ్లు పెట్టుకున్నారని నాకు గుర్తు. ఎవరో ఆవలించారని మా ఆవిడకు గుర్తు. ఏమైనా మా వీధీ, పక్క వీధీ ప్యాకెట్లు మానేసి, ఆళ్లగడ్డ దాటినాక దొర్నిపాడు వైపు పల్లె నుంచి ట్రాలీ ఆటోలో క్యాన్లు తెచ్చే ఒకాయన దగ్గర పాలు పోయించుకోవడం మొదలుపెట్టాయి.

"పాపకు ఈ పాలు చుక్క పోసేది లేదు," అంది మా ఆవిడ మూడో రోజు. "పెరుగు కాని పాలు కడుపులో పోయి ఏమైతాయో! పోయి కనుక్కొనిరా. అంతవరకూ ప్యాకెట్ తే."

ప్యాకెట్‌ను చొక్కా లోపల దాచుకుని తెచ్చాను. పొట్ట మీద అంత చల్లదనం నేను హిమాలయాల్లో కూడా ఎరగను. హిమాలయాలకు పోలేదనుకోండి.

మర్నాడే బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, ఆటో పట్టుకుని ఆ పల్లె చేరాను. పాల కేంద్రం ముందు చెంబులు, క్యాన్లు పట్టుకుని వరుస. లోపల బల్ల దగ్గర ఒకామె ఒక్కొక్కరి పాలు చిన్న గిన్నెలో తీసి మిషన్లో పెడుతోంది. మిషన్ చీటీ ఇచ్చినా ఆమెకు తృప్తి లేదు. ప్రతి ఒక్కరినీ అడుగుతోంది.

"మీ బర్రెకు పొదుగువాపు కదప్పా? సూది ఏయించినావా?"

"ఏయించినా మేడం. ఆ పాలు తేలేదులే. ఇవి ఇంకో బర్రెవి."

నేను దగ్గరికి పోయి, సూదికీ పాలకూ ఏమిటి సంబంధమని అడిగాను.

"ఆ మందు పాలల్లోకి దిగుతాది సార్. డాక్టరు చెప్పినన్ని దినాలు ఆ పాలు మేం తీసుకోం. ఒక్క చెంబు కలిసినా పైన ప్యాకెట్లు చేసే డెయిరీ పరీక్షలో దొరికి ట్యాంకరు ట్యాంకరే వెనక్కి వస్తాది. ఆ పాలకు తోడు కూడా పడదు."

"మరి ఆ పాలు ఏం చేస్తారమ్మా?"

"నంద్యాలకు పోతాయంట. ఆడ అడిగేటోళ్లు లేరు. ఎవరో పెద్దమనిషి, ఊరి పాలే కావాలని వీధి వీధినంతా ఎగదోసినాడంట సార్!"

ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదన్నట్టు తల ఊపాను. అంతలో క్యాన్లు కడుక్కుంటూ మా పాలాయన కనబడ్డాడు.

"ఏందప్పా ఇది? సూది ఏసిన బర్రె పాలు మాకు పోస్తాండావా?"

ఆయన ఏమాత్రం తొణకలేదు. "నువ్వే కదన్నా తెలిసిన బర్రె పాలు కావాలంటివి? ఇది బాగా తెలిసిన బర్రెన్నా. జ్వరమొచ్చిందని కూడా తెలుసు."

తిరుగు బస్సులో కళ్లు మూసుకుని కిటికీకి తల ఆనించాను. కండక్టర్ రెండుసార్లు నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నేను తిట్టిపోసిన ప్యాకెట్ వైపు పోయే ప్రతి చెంబునూ అడిగేవాళ్లున్నారు. మా క్యాన్‌ను అడిగేవాళ్లు లేరు. ప్రభుత్వం తరఫున పాలు తనిఖీ చేసే ఆయన ఎప్పుడైనా వస్తే, ఆయన కంటే ముందు పాలాయనకు కబురొస్తుంది. ఆ రోజు మాత్రం అమృతం పోస్తారు. అక్కడ పరీక్షలో తప్పిన పాలన్నీ మా వీధికొచ్చి పాసవుతున్నాయి. మా పాప గ్లాసులో చేరుతున్నాయి.

మర్నాడు మా ఆవిడ పాలాయనను గుమ్మంలోనే నిలబెట్టింది. ఆనాటి నుంచి మా వరండా పాల కేంద్రమైంది. పొద్దున్నే పోసిన పాలలో ఒక చిన్న గిన్నెడు తీసి తోడేస్తుంది. ఎండలకు మధ్యాహ్నానికి ఫలితం వస్తుంది. పేరుకుంటే పాపకు సాయంత్రం గ్లాసు. పేరుకోకుంటే పాపకు ప్యాకెట్, పాలాయనకు మా ఆవిడ నోరు. రెండోదాని ముందు పొదుగువాపు సూది ఎంతో నయం.

వారం తిరగకుండానే ఆయన దారికొచ్చాడు. ఒక ఉదయం ఆటో దూరంగానే ఆపి అరిచాడు.

"అక్కా, ఈ పొద్దు మీకు పొయ్యను. ఇంకో బర్రెకు సూది ఏసినారు. పాలు కలిసిపోయినాయి."

నా ఛాతీ ఉప్పొంగి చొక్కా గుండీ ఒకటి ఎదురింటి గోడకు తగిలింది. పాల వ్యవస్థను బాగుచేసిన మొనగాడిలా మా ఆవిడ వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు, క్యాన్ వైపు చూస్తోంది.

"క్యాన్ నిండుగా ఉండాదే. యాడికి తీసకపోతాండావప్పా?"

ఆయన తల గోక్కుని పక్క వీధి వైపు చూశాడు. "ఆడ ఎవరూ అడగరక్కా."

మా ఆవిడ లోపలికి పోయి తోడు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఆ వీధోళ్లకూ ఉపన్యాసమిచ్చింది నువ్వే కదా. ఆడా పసిపిల్లలున్నారు. ఈ పొద్దు పాలు తీసుకోవద్దని చెప్పు. రేపటి నుంచి ఎట్ల చూసుకోవల్లనో చెప్పి, ఇంటికో చెంచా తోడు ఇచ్చిరా. బిరబిరా పో!"

పాలాయన ఆటో స్టార్ట్ చేశాడు. నేను లుంగీ ఎగ్గట్టి, గిన్నె పట్టుకుని పరుగెత్తాను. వెనక హారన్ మోగుతూనే ఉంది. నేను దారి మధ్యలో నుంచి పక్కకు తప్పుకోలేదు. మొదటి ఇంటి తలుపు నేనే ముందు కొట్టాను.