తాతయ్య కోసిన జీను

నా చిన్నప్పుడు అని మొదలుపెట్టగానే, ఏ సంవత్సరం అని మా మనవరాలు అడుగుతోంది. సంవత్సరాలు నాకు తెలియవు. పోలీస్ యాక్షన్ అయిన ఏడు అని రాయమన్నాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. నా చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి నేను చెబుతుంటే అది రాస్తోంది. తప్పులుంటే నావే.

సికిందరాబాదు రెజిమెంటల్ బజార్లో మా ఇల్లు. ముందు గది దుకాణం, వెనక రెండు గదుల్లో మేము. మా తాతయ్య గుర్రాలకు జీన్లు కుట్టేవాడు. కంటోన్మెంటులో గుర్రాలు నిండుగా ఉన్న రోజుల్లో దొరలు ఆయన కోసం మనుషుల్ని పంపేవారట. నాకు బుద్ధి తెలిసేసరికి గుర్రాలు తగ్గిపోయి మోటార్లు వచ్చాయి. ఆయన చేతులు మాత్రం గుర్రాన్ని మరవలేదు. సైకిలు సీటు కుట్టాల్సి వచ్చినా, టాంగాలో మెత్త కుట్టాల్సి వచ్చినా ముందు అరచేత్తో గాలిలో ఒక వంపు గీసేవాడు, ఎదురుగా గుర్రం నిలబడి ఉన్నట్టు. ఆ తర్వాతే సూది పట్టేవాడు.

మా పక్కింటి అక్క మిషన్ ఆస్పత్రిలో నర్సు. కాన్పులు చేసేది. వాళ్ళ నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడి బళ్ళో పంతులుగా పనిచేసి పోయాడు. అక్క, వాళ్ళమ్మ ఇద్దరే ఉండేవారు. అక్క చాలా పొట్టిది. నేను చెయ్యెత్తితే ఆమె నడినెత్తి అందేది. ఆదివారం చర్చి నుంచి రాగానే నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని తల దువ్వేది. చిక్కు తగిలిన చోట వెంట్రుకను వేలితో గట్టిగా పట్టుకుని, నొప్పి తన వేలికి తగిలేటట్టు దువ్వేది. ఆ తర్వాత నా తల ఎంతమంది దువ్వారో. అలా పట్టుకున్నవాళ్ళు లేరు.

ఆస్పత్రిలో ఒక డాక్టరు దొరసాని ఉండేది. తాటిచెట్టంత మనిషి. మోటారు సైకిలు మీద కాప్రా, యాప్రాల్ దాకా పోయి ఊళ్ళలో కాన్పులు చూసి వచ్చేది. ఆమె తన దేశం వెళ్ళిపోతూ బండిని ఆస్పత్రికి వదిలిపెట్టింది. అప్పటికే రజాకార్ల గొడవలు ముదిరిపోయాయి. బస్సులు ఆగాయి. టాంగావాళ్ళు లాలాగూడ దాటి రామన్నారు. ఊళ్ళలో గర్భిణుల దగ్గరికి వెళ్ళే దారే లేకపోయింది. అక్క ధైర్యం చేసి, ఆ బండి నేను నడుపుతానని ఆస్పత్రిలో చెప్పింది. సరే, పై వారం సోమవారం వచ్చి పడకుండా నడిపి చూపించు, లేకపోతే బండిని కాంపౌండరుకు ఇస్తాం, ఊళ్ళకు నర్సును పంపడం ఆపేస్తాం అన్నారు పెద్దలు.

కాప్రా చెరువు దగ్గర ఒకామెకు నెలలు నిండుతున్నాయి. అంతకుముందు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. రెండుసార్లూ ఆస్పత్రి మనిషి సమయానికి అందలేదు. ఈసారి నేను వస్తానని అక్క ఆమె చేతిలో చెయ్యి వేసి వచ్చింది. అక్క పట్టుదలకు కారణం అదే.

నడపడం నాలుగు రోజుల్లో నేర్చుకుంది. ఆపడమే రాలేదు. బండి నిలిస్తే కాళ్ళు నేలకు అందవు. ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కన పడిపోయేది. ఒకరోజు పొద్దున మోచేతికి కట్టుతో మా దుకాణం ముందుకు బండిని తోసుకుంటూ వచ్చింది.

"తాతగారూ, ఈ సీటు నాకు పడట్లేదండీ. దొరసాని గారి కొలతకి చేశారు. మీరేమన్నా చేయగలరాండీ?"

"గుర్రాలకు చేసిన చెయ్యి, గీ ఇనుప గాడిదకు చెయ్యదా బిడ్డా? ఇడిచిపెట్టి పో. మూడు దినాలల్ల జూడు."

ఆమెను ఎక్కి కూర్చోమని ఆయన అడగలేదు. ఆడపిల్లను బజార్లో కాళ్ళు చెరో పక్క వేసి కూర్చోమని ఎలా అంటాడు? టేపు పెట్టి కొలవడం అసలే కుదరదు. అందుకని అక్కను దూరం నుంచి ఒక్కసారి చూసి, అలవాటు ప్రకారం గాలిలో ఒక వంపు గీసుకుని పని మొదలుపెట్టాడు. మూడు రోజులు కూర్చున్న చోటి నుంచి లేవలేదు. ఎంత అందంగా కుట్టాడనుకున్నారు! ముందు భాగం వెడల్పుగా, తొడలు ఆనుకునేటట్టు. లోపల దట్టంగా గుర్రపు వెంట్రుక. అంచున జంట కుట్టు. నూనె పట్టించి తుడిచేసరికి తోలు చింతగింజలా మెరిసింది. చూసినవాళ్ళందరూ నవాబుల ఇంటి జీనులా ఉందన్నారు. మా తాతయ్య మీసాల్లోనే నవ్వుకున్నాడు.

శనివారం పొద్దున అక్క వచ్చింది. చీర కింద పైజామా తొడుక్కుని, కొంగు నడుముకు బిగించి కట్టుకుంది. బండి ఎక్కి బజారు చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. దర్జాగా వచ్చింది. మా దుకాణం పక్కనే చాయ్ హోటలు. దాని ముందుకు వచ్చి బండి ఆపింది. రెండు కాళ్ళూ కిందికి చాపింది. నేల తగల్లేదు. ఒక్క క్షణం గాలిలో కాళ్ళు ఆడించి, బండితో సహా బురదలో పక్కకు పడిపోయింది.

హోటలు ముందు కూర్చున్నవాళ్ళు పగలబడి నవ్వారు. హోటలాయన గట్టిగా అరిచాడు.

"ఏందీ తాతా, జీను పంపినవ్ గని గుర్రాన్ని పంప మరిచినవా?"

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నవ్వాను. పెద్దవాళ్ళు నవ్వుతున్నారు, వాళ్ళలో నేనూ ఒకదాన్ని అనిపించింది. అక్క బురదలోంచి తలెత్తి అంతమందిలో నా వైపే చూసింది. కోపంగా చూసినా బాగుండేది. ఆ చూపును ఈ వయసులో కూడా మరవలేదు.

మా తాతయ్య వచ్చి బండి లేపాడు. హోటలాయన మీద విరుచుకుపడతాడనుకున్నాను. ఆయన కోపం బజారంతా ఎరుగును. అలాంటిది ఆయన జీను మీద చెయ్యి పెట్టి అక్క వైపు తిరిగాడు.

"వాడు అన్నది నిజమే బిడ్డా," అన్నాడు అందరూ వినేటట్టు. "గుర్రమైతే దాని కాళ్ళ మీద అది నిలవడతది. మీద కూసున్నోని కాళ్ళు యాడ ఏలాడితే దానికేంది? దీనికి నీ కాళ్ళే కాళ్ళు. గది నాకు సోయికి రాలె. తప్పు నాది, నీది గాదు."

అరవై దాటిన మనిషి, ఆ బజార్లో అంతటి పనివాడు, పాతికేళ్ళ పిల్లకు అలా చెప్పడం నేను మొదటిసారి విన్నాను. నవ్వులు వాటంతట అవే ఆగిపోయాయి.

ఆయన లోపలికి పోయి సుద్ద పొడి, తడిగుడ్డ తెచ్చాడు. తడిగుడ్డ నాకు అందించి, "నవ్వింది సాలు. అక్క చేతులు తుడువు," అన్నాడు. నేను అక్క చేతులకు అంటిన బురద తుడిచాను. తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాను. అక్క నా తల మీద మోచెయ్యి ఆనించి లేచి నిలబడింది.

తాతయ్య జీనుకు రెండు పక్కలా సుద్ద పూశాడు. బండిని పట్టుకోమని హోటలాయననే పిలిచాడు. "నవ్విన నోరు మూసి, గీడ జెర పట్టు," అంటే ఆయన నోరెత్తకుండా వచ్చి పట్టుకున్నాడు. అక్కను ఎక్కి కాళ్ళు నేలకు చాపమని చెప్పి, తాతయ్య గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె దిగాక జీనును మాత్రమే చూశాడు. సుద్ద చెరిగిన చోటల్లా కాలు ఒత్తుకుంటున్న చోటు. మనిషిని కొలవకుండా, కన్నెత్తి చూడకుండా కొలత తెలిసిపోయింది.

"ఎత్తొక్కటే గాదు," అన్నాడు తనలో తాను. "ఎడల్పు సుత కాలును తింటది."

నిజమే, అంత వెడల్పు మీద కూర్చుంటే కాళ్ళు పక్కలకు పోతాయి. కిందికి వచ్చే కాలు ఆ మేరకు పొట్టిదవుతుంది. తాతయ్య కత్తి తీశాడు. మా నాయనమ్మ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చింది.

"మూడు దినాలు నడుము ఇరగ కుట్టినవ్, గిప్పుడు కోస్తవా? ఇంకోటి కుట్టరాదూ! గంత ముద్దుగున్నదాన్ని పాడు జేస్తవా?"

"ఇంకోటి కుట్టే టైం లేదే. కుట్టింది నేనే, కొయ్యనీకె సుత నేనే ఉండాలె," అని, ఆ జంట కుట్టు మధ్యలో కత్తి పెట్టి లాగాడు. ఆ చప్పుడు నాకు వినిపించింది. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ముందు భాగాన్ని రెండు పక్కలా చెక్కేశాడు. గుర్రపు వెంట్రుకను దోసిళ్ళతో తీసి పారేశాడు. జీను కింద ఉన్న స్ప్రింగులు తీసి పొట్టివి బిగించాడు. మళ్ళీ సుద్ద పూశాడు. మళ్ళీ అక్క ఎక్కింది. ఈసారి కాలి వేళ్ళు నేలకు తగిలాయి.

"చాలండీ తాతగారూ. చాలా బాగుందండీ," అంది అక్క.

"సాలు అనకు బిడ్డా. నీకింక యాడ అందుతలేదో గది చెప్పు."

అక్క కాసేపు మొహమాటపడింది. తర్వాత, హ్యాండిల్ కొంచెం దూరమండీ, ముందుకు వంగితే నడుం లాగేస్తందండీ అంది. తాతయ్య బోల్టు వదులు చేసి హ్యాండిల్‌ను ఆమె వైపు తిప్పాడు. ఇంక యాడ? కాలు దించబోతే పాదం పెట్టుకునే కడ్డీ పిక్కకు తగులుతోందండీ. దాన్ని కొంచెం వెనక్కి జరిపాడు. ఇంక? బ్రేకు పట్టుకోవడానికి వేళ్ళు చాలట్లేదండీ. తాతయ్య బ్రేకు పిడిని ఆమె వేళ్ళకు దగ్గరగా వంచాడు. అక్క ఇన్నాళ్ళూ తన వేళ్ళే పొట్టివనుకుని ఎవరికీ చెప్పుకోలేదట. బండి కూడా తన మాట వింటుందని ఆమెకు తట్టనే లేదు. మధ్యాహ్నానికి మడమలు రెండూ నేల మీద ఆనాయి. జీను అందం పోయింది. కోసిన చోట అతుకులు, వంకర కుట్లు. మా తాతయ్య జీవితంలో అంత వికారమైన పని చేయలేదని నాయనమ్మ పోయేదాకా అంటూనే ఉండేది.

సోమవారం ఆస్పత్రిలో నడిపి చూపించింది. పడలేదు. బండి ఆమెకే ఇచ్చారు. తర్వాత ఎన్నో రోజులు కాలేదు, కాప్రా నుంచి ఆ గర్భిణి అన్న సైకిలు మీద వచ్చి నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు. అక్క సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆకాశంలో విమానాల చప్పుడు. తలుపులన్నీ మూసుకున్నారు. పోలీస్ యాక్షన్ మొదలైందని తర్వాత తెలిసింది.

ఆ ఐదు రోజులూ అక్క జాడ లేదు. వాళ్ళమ్మ మా ఇంట్లోనే కూర్చుని ప్రార్థన చేసుకునేది. తాతయ్య సూది ముట్టలేదు. తలుపు సందులోంచి వీధి చూసేవాడు. "స్ప్రింగులు జెర బిగువుగ పెట్టాల్సుండె," అని ఒకసారి అన్నాడు. నా భయం వేరు. అక్క రాకపోతే, ఆమెకు నేను చివరిగా ఇచ్చింది ఆ నవ్వే అవుతుందని.

ఆరో రోజు మధ్యాహ్నం బండి చప్పుడు వినిపించింది. అందరం బయటికి పరుగెత్తాం. అక్క మా గుమ్మం ముందు బండి ఆపి రెండు పాదాలూ నేల మీద పెట్టింది. మనిషి దుమ్ములో మునిగినట్టుంది. మేమంతా ఆమె ముఖం చూశాం. తాతయ్య పాదాలు చూశాడు.

"ఆడపిల్లండీ తాతగారూ. కేకేసి ఏడ్చింది," అంది. ఇంకా చెప్పింది. పోయేటప్పుడు దారిలో తుపాకులవాళ్ళు అడ్డుపడ్డారట. ఎవరి మనుషులో తెలియదు. ఆగమన్నారు. ఆగిందట. పడకుండా, బెదరకుండా నిలబడి, కాన్పు ఉంది పోవాలి అని వాళ్ళ ముఖం మీదే చెప్పిందట. వాళ్ళు దారి వదిలారట.

తాతయ్య కళ్ళు తుడుచుకుని లోపలికి పోయాడు. నేను అక్క కాళ్ళను చుట్టేసుకున్నాను. ఇంత ఎదిగినదానివి, సిగ్గులేదా అంది. అంటూనే నా జుట్టులో వేళ్ళు పెట్టింది.

మరుసటి ఏడు వాళ్ళమ్మకు జబ్బు చేసి కోస్తాలో చుట్టాల దగ్గరికి వెళ్ళిపోయారు. ఉత్తరం రాస్తానంది. రాసిందో లేదో, వచ్చినా చదివేవాళ్ళు మా ఇంట్లో లేరు. మేము అక్కడి నుంచి ఇల్లు మారాం. మోటారు సైకిలు చప్పుడు ఎక్కడ వినపడినా చాలా ఏళ్ళు తలుపు దాకా వెళ్ళి చూసేదాన్ని. మా ఆయన నవ్వేవాడు, ఎవరొస్తారే నీకు అని.

మా కోడలు కాపురానికి వచ్చినప్పుడు వంటింటి గట్టు ఆమె భుజాల దాకా ఉంది. బాగానే ఉందత్తమ్మా, సరిపోతుంది అంది. నేను ఊరుకోలేదు. మేస్త్రీని పిలిపించి గట్టు కొట్టించి కిందికి కట్టించాను. బాగానే ఉంది అన్నవాళ్ళను రెండోసారి అడగడం నాకు తాతయ్య దుకాణం ముందే అలవాటైంది. నాది తప్పని తెలిస్తే పదిమందిలో ఒప్పుకోవడం కూడా.

మా ఆయన పోయి పదకొండేళ్ళు. పిల్లలు మంచివాళ్ళు, రోజూ పలకరిస్తారు. ఎలా ఉన్నావమ్మా అంటే, బాగానే ఉన్నాను నాయనా అంటాను. వాళ్ళు సరే అని పనికి పోతారు. వాళ్ళ తప్పు లేదు. ఒక్కోసారి మాత్రం, సాలు అనకు బిడ్డా, నీకింక యాడ అందుతలేదో గది చెప్పు అని ఎవరైనా నన్ను ఆపి అడిగితే బాగుండునని ఉంటుంది. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి.