బామ్మర్ది కింద నుంచి లేచే విద్య

మొన్న హైదరాబాదులో మనవరాలిని వ్యాయామశాల నుంచి తీసుకురావడానికి కోడలితో కలిసి వెళ్లి, అద్దాల తలుపులోంచి లోపలికి చూసేసరికి మా పిల్ల నీలం పరుపు మీద వెల్లకిలా పడి ఉంది, దాని పొట్ట మీద ఇంకో అమ్మాయి పీట మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. నేను కంగారుపడి లోపలికి పోబోతే కోడలు ఆపి, అది బ్రెజిల్ దేశపు కుస్తీ అనీ, కిందపడ్డవాళ్లు ఎలా తప్పించుకోవాలో, మీదున్నవాళ్లు పట్టు జారిపోకుండా ఎలా కాచుకోవాలో మొదట నేర్పుతారనీ చెప్పింది. అద్దం అవతల మా పిల్ల నడుమెత్తి పక్కకు ఒత్తిగిలగానే ఇవతల నా పక్కటెముకలు జివ్వుమన్నాయి. నా ఈడువాళ్లలో కుస్తీ పట్టినవాళ్లు చాలామందే ఉంటారు గానీ, కేవలం కింద నుంచి లేవడం కోసం కుస్తీ నేర్చుకున్నవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. నంద్యాలలో ఎలిమెంటరీ బడి అయ్యవారుగా కొత్తగా చేరాను, అదే ఏడు ఆళ్లగడ్డ పిల్లతో పెళ్లయింది. నా భార్యకు ఒక అన్న, నాకంటే కాస్త చిన్నవాడు, తిరునాళ్ల కుస్తీల్లో వెండి కడియం గెలిచినవాడు. మనిషి బంగారం, కానీ ప్రేమ వచ్చినా కోపం వచ్చినా ఎదుటివాణ్ని కింద పడెయ్యడం తప్ప ఇంకో విధంగా చెప్పుకోవడం తెలియదు. నేను కొత్త అల్లుడిగా అత్తగారింటికి పోయి, బక్షాలు, అదే బొబ్బట్లు, తిని చెయ్యి కడుక్కుంటుంటే, "ఏం బావా, ఒక పట్టు పడదామా?" అన్నాడు. నేను తడిచెయ్యి తుడుచుకునేలోగా పెరట్లో గడ్డి మీద ఉన్నాను. భుజాలు రెండూ నేలకానితే కుస్తీ అయిపోయినట్టే అని లోకమంతా ఒప్పుకున్నా ఆ ఇంటి చట్టం వేరు, ఓడినవాడు తనంత తాను విడిపించుకునేదాకా గెలిచినవాడు దిగడు. దిగకపోగా, పక్కనున్న చాటలోంచి శెనక్కాయలు అందుకుని నా రొమ్ము మీదే కూర్చుని ఒలుచుకు తిన్నాడు. ఆడవాళ్లంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. చివరికి మా అత్తే జాలిపడి, "ఒరే, అల్లుణ్ని లెయ్యనీరా, పాపం, ఇప్పుడే బువ్వ తిన్న్యాడు" అని విడిపించింది.

అది మొదలు, పోయినప్పుడల్లా ఇదే మర్యాద. బస్సు దారిలోని శిరివెళ్ల దాటిందంటే, తిరుగు బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగేవాణ్ని. నవ్వినవాళ్లతో బాధ లేదు గానీ, ప్రతిసారీ ఆ రాత్రి నా భార్య నా వీపుకు ఆముదం రాసేది చూడండి, ఆ జాలిని మాత్రం తట్టుకోలేకపోయాను.

నంద్యాలలో మా బడి వెనక సందులో కుస్తీలు నేర్పే తాలీంఖానా ఒకటి ఉండేది. దాని వస్తాదు కొండంత మనిషి, ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుండేవాడు. నేను పోయి, నాకెవర్నీ పడెయ్యాలని లేదు, లేవడం వస్తే చాలని విన్నవించుకుంటే ఆయన పూర్తిగా మేలుకున్నాడు. "పడేసేది నేర్పమని వచ్చినోళ్లను చూసినా గానీ, లేసేది నేర్పమని వచ్చినోణ్ని నిన్నే చూస్తాండా అయివారూ" అని, నన్ను ఎర్రమట్టిలో పండుకోబెట్టి, నా మీద అడ్డంగా వాలి, దారిన పోయేవాళ్లతో వానల సంగతి మాట్లాడసాగాడు. నేను రెండు చేతులతో నెట్టాను, కాళ్లు కొట్టుకున్నాను, ఊపిరాడక ఊరుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగి, "నన్ను యాడికి ఎత్తుతావప్పా? నువ్వు జరుగు" అన్నాడు. ఆ విద్యంతా ఆ ముక్కలోనే ఉంది. పక్కకు ఒత్తిగిలాలి, మోచెయ్యి లోపలికి దూర్చాలి, మడమలు తన్ని నడుము లేపాలి, దొరికిన కాస్త సందులోకి మోకాలు తేవాలి. అదృష్టం బాగుండి పైకి వస్తే ఎదుటివాణ్ని పిసకకూడదు, తడిబట్ట కప్పినట్టు వాడి మీద పరుచుకుని, వాడు ఎటు కదిలితే అటు కదలాలి.

చొక్కాకు అంటిన ఎర్రమట్టికి బడితోట సాకు చెబుతూ నెట్టుకొచ్చాను గానీ, ఇంట్లో అభ్యాసానికి జొన్నల మూటను రొమ్ము మీదికి లాక్కున్ననాడు దొరికిపోయాను. మూట ఒరిగింది, నేను ఇరుక్కున్నాను, నీళ్లకు పోయి వచ్చిన నా భార్య మూట కింద మొగుణ్ని చూసి పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. అందర్నీ పంపించి, అసలు సంగతి విని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరవాత నవ్వు ఆపి, గొంతు తగ్గించి, పుట్టింటి రహస్యం బయటపెట్టింది: "మా అన్న శెనక్కాయ అందుకునేటప్పుడు బరువంతా ఎడంపక్కకేస్తాడు. అప్పుడు తిరగల్ల." సొంత అన్నను వదిలి ఆమె నా పక్షాన చేరిన ఆ క్షణంలోనే మా సంసారం మొదలైందని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తరవాత ఆళ్లగడ్డ పోయినప్పుడు నేను బుద్ధిగా పడ్డాను. బామ్మర్ది రొమ్మెక్కి, చాట వైపు చెయ్యి చాచాడు. మోచెయ్యి దూర్చి, మడమలు తన్ని, ఒక్క తిరుగుడు తిరిగాను. కళ్లు తెరిచేసరికి కింద వాడున్నాడు, పైన నేనున్నాను. అసలు చిక్కు అప్పుడు వచ్చింది, ఆ తరవాత ఏం చెయ్యాలో నాకు తెలియదు. దిగితే మళ్లీ పడేస్తాడు. అందుకని తడిబట్టలా అంటుకుపోయాను.

"లెయ్ బావా."

"లేస్తే పడేస్తావ్."

"పడెయ్యను."

"మీ అమ్మ మీద ఒట్టెయ్."

లోపల్నుంచి మా అత్త, "నా మీద ఎందుకప్పా ఒట్లు! బువ్వ చల్లారతాంది, ఇద్దరూ లెయ్యండి" అని అరిచింది. ఎప్పుడూ పెదవి విప్పని మా మామ స్తంభం పట్టుకుని పడీపడీ నవ్వాడు. దిగగానే బామ్మర్ది నన్ను ఎత్తి భుజాల మీద కూర్చోబెట్టుకుని, "మా బావ నన్ను కింద పెట్న్యాడు!" అని వీధంతా తిప్పాడు. ఓడినవాడి సంతోషం ముందు గెలిచిన నా సంతోషం ఏపాటిది!

ఆ తాలీంఖానా చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. బామ్మర్ది పోయి చాలాకాలమైంది, వాడి చెల్లెలూ పోయింది. మా ఇళ్లకు కొత్త అల్లుళ్లు వస్తే కరచాలనం చేస్తాం, సోఫా చూపిస్తాం, ప్రయాణం బాగా జరిగిందా అని అడుగుతాం. ఎవరి ఒంటికీ దుమ్ము అంటదు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. ఆ రోజు తరవాత మా బామ్మర్ది నన్ను మళ్లీ పట్టుకోలేదు. నేను పోగానే తువ్వాలుతో తుడిచి కుర్చీ వేసేవాడు, రెండడుగులు ఎడంగా నిలబడి క్షేమం అడిగేవాడు. అంత కష్టపడి సంపాదించుకున్న ఆ కుర్చీలో నాకు ఏనాడూ హాయిగా లేదు.