ఆ సీసాలోకి ఆడ ఈగ ఎలా వచ్చింది

పళ్ల బండివాడి నోటికి మా వీధంతా జడుస్తుంది. ఆ నోరు మా చెల్లెలి కూతురు మూయించడం నేను కళ్లారా చూశాను. జామకాయలో పురుగుందని తిరిగి తీసుకెళ్తే, "మీ ఇంట్లో పట్టిందమ్మా, నా కాయకేం రోగం?" అన్నాడు. ఇది సూదిమొన దిగినంత మచ్చ ఉన్న కాయలే బండి మీంచి ఏరి, వాడి కత్తితోనే కోసింది. అన్నిట్లోనూ పురుగులు లుకలుకలాడాయి.

"ఇవీ మా ఇంట్లోనే పట్టాయా అన్నా?"

వాడు మా డబ్బులు వెనక్కిచ్చేశాడు.

వీధిలో దాన్ని ఈగలమ్మ అంటారు. పళ్లకు సూదిలా పొడిచి, లోపల గుడ్లు పెట్టి పాడుచేసే ఈగలే దాని ఉద్యోగం. ఈగ కాలొకటి తుంచి, అందులోని మైటోకాండ్రియా జన్యువుల్ని మొదలు నుంచి చివరిదాకా మిషను మీద చదువుతుంది. అవి తల్లి నుంచే వస్తాయట. తండ్రికి అందులో వాటా లేదు. ఏ ఈగ ఏ ఈగకు దగ్గరి చుట్టమో వాటిని బట్టి చెబుతుంది. మనుషుల విషయంలో ఆ పని నేనూ చేస్తాను. నాకు మిషను అక్కర్లేదు.

మొన్న కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు.

"నిన్నెవరేమన్నారే?"

"ఎవరూ అనలేదు పెద్దమ్మా. ఈగల్ని పట్టడానికి ఏటి పక్క తోటలో కట్టిన సీసాలో ఒక ఈగ జన్యువులు పరాయి దేశపు జాతితో సరిపోయాయి. నిజమైతే ఆ తోట కాయంతా గోతిలో పూడుస్తారు. తోటావిడకు అదే ఆధారం. ఆ మాట నా నోటితోనే చెప్పాలి."

"ఉన్నమాట చెప్పడానికి ఏడుపెందుకు?"

"అది ఆడ ఈగ. సీసాలో పెట్టిన ఎర మగవాటినే పిలుస్తుంది. తక్కినవన్నీ మగవే. మా ల్యాబు సారేమో దారితప్పి వచ్చిందంటాడు. ఒకటీ అరా వస్తాయి, కాదనను. కానీ ఆ వచ్చిన ఒక్కటే పరాయిదవ్వాలా?"

"సీసా దించిందెవరు?"

"సారు బావమరిది. ఆవిడ తోటను ఆనుకుని ఉన్న తోట ఆ బావమరిదిదే."

"పరాయి ఈగలు ఎక్కడ దొరుకుతాయి?"

"మా ల్యాబు బీరువాలో, పోల్చి చూడటానికి దాచిన స్పిరిట్ సీసాల్లో."

నేను ఎవరినీ దొంగ అనలేదు. బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుంటుందని మాత్రం అడిగాను. అది లేచి వీధి తలుపు గడియ పెట్టొచ్చింది.

"ఆ జాతి నిజంగా తోటలో ఉంటే దాని మగవీ పడాలి పెద్దమ్మా. రేపు కొత్త సీసాలు కడుతున్నాను. దించేదాకా నువ్వు ఆ చెట్ల కింద కూర్చోవాలి."

"నేనెందుకే? మీ ఆఫీసులో మనుషుల్లేరా?"

"నీ అంత అనుమానప్పక్షి అక్కడ లేదు. సారొచ్చినా, ఆయన బావమరిది వచ్చినా సీసా మీద చెయ్యి వెయ్యనివ్వకు. నేనొచ్చినా సరే, నా గుప్పిట తెరిపించి చూశాకే దగ్గరికి రానీ."