నీడ తాకితే దగ్గర

మా నఖోన్ సవన్ ఊరి సంత వెనక ఉండే ప్రయూన్ గారి వృత్తి, ఏ వస్తువు దేనికి దగ్గరో చెప్పడం. ఇంటి ముందు స్తంభం మీద చిట్టి గుడిలా నిలబెట్టే స్థలదేవుడి గూడు మీద ఆ ఇంటి నీడ పడకూడదన్నది మా ఆచారం. మూరెడు దూరంలో ఉన్నా నీడ తాకకపోతే గూడు ఇంటికి దూరమే; ఆవరణ చివరన ఉన్నా నీడ తాకితే దగ్గరే. ఇంతవరకు నాకు పేచీ లేదు. ఆ నీడ ప్రయూన్ గారికి ఎవరి వాకిట్లో కనిపిస్తుందన్నదే నా పేచీ.

సంతలో లమై నడిపే నూడుల్స్ కొట్టుకు గిరాకీ తగ్గింది. ప్రయూన్ గారిని పిలిపించింది. ఆయన వచ్చి, కొట్టు ముందున్న గూడు చుట్టూ తిరిగి, కాసేపు కళ్లు మూసుకుని తేల్చేశాడు.

"నీ రేకుల పందిరి నీడ దేవుడి నెత్తిన పడుతోంది. పీకించెయ్."

"పందిరి తీస్తే ఈ ఎండలో కూర్చుని ఎవడు తింటాడు గురువుగారూ?"

"దేవుడికి కోపమొస్తే నీడలోనూ ఎవడూ తినడు తల్లీ."

ఆడమనిషిని బెదిరించడానికి ఆయనకు ఇంతకుమించి చదువు అక్కర్లేదు. లమై హడలిపోయి పనివాళ్లను పిలవడానికి బయల్దేరింది. దారిలోనే ఆయన ఇల్లు. కొత్తగా లేపిన మేడ నీడలో ఆయన గూడు నిలువునా మునిగి ఉంది.

"ఇదేంటి గురువుగారూ?"

ఆయన తడుముకోనైనా లేదు. "మా దేవుడు చల్లదనం కోరుకుంటాడమ్మా."

లమై వెనక్కి తిరిగింది. మర్నాడు పందిరి నీడలోని గూడు ముందు నైవేద్యంగా ఎర్ర సోడా సీసా పెట్టి, "నువ్వూ చల్లగా కూర్చో నాయనా" అని పొయ్యి వెలిగించింది.