కొళాయికి వచ్చిన కరెంటు

2022. కాటన్‌పేటలో తరతరాలుగా నూలు వ్యాపారం చేసే ఒక తెలుగు కుటుంబం నుంచి కబురు వచ్చింది. కింద గోదాము, పైన ఇల్లు. స్నానాల గదిలో కొళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోందట. ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుగా ఇలాంటి ఫిర్యాదులు నాకు కొత్త కాదు.

వెళ్లేసరికి కొళాయి ముందు ఒక చెక్కపీట వేసి ఉంది.

"దాని మీద నిలబడితే ఏమీ చెయ్యదు సార్," అన్నాడు ఇంటి యజమాని శ్రీనివాస్. "మా కొళాయికి మర్యాద జాస్తి. పీట వేస్తే గానీ ముట్టనీదు."

ఆయన తల్లి నాగరత్నమ్మ నవ్వలేదు. "వానికి అన్నీ పరాచికాలే అప్పా. రేపు కోడలు పుట్టింటి నుంచి బిడ్డనెత్తుకోని వస్తా ఉండాది. నీళ్లు పోసేది నేను. పీట మీద నిలబడి పోస్తారా ఎవరైనా? ఇది బాగుకాకుంటే రావద్దని చెప్పేస్తా."

ఆమె భయం సబబైనదే. పసిబిడ్డకు నీళ్లు పోసేవాళ్లు తడినేల మీద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంటారు. ఒక చెయ్యి బిడ్డ మీద ఉంటే, రెండోది కొళాయి మీదికి పోతుంది.

మెయిన్ ఆపి వెతికాను. గీజర్‌లో ఎలిమెంటు, అంటే నీళ్లు కాచే కడ్డీ, పాడై కరెంటు లీకవుతోంది. ఎర్తింగ్ సరిగా ఉంటే ఆ లీకేజీ భూమిలోకి పోవాలి. ఎర్త్ తీగ లేకపోలేదు. దాన్నే పట్టుకుని కిందికి దిగితే, గోదాము వెనక ఇనుప నీళ్ల పైపుకు బిగించి కనిపించింది. పైపు నేలలోకి పోతుంది కదా అని పాత ఇళ్లలో అలా చేసేవారు. ఇక్కడ పైపు కింది భాగం మాత్రం కొత్తగా, తెల్లగా ఉంది.

"ఇదెప్పుడు మార్చారు?"

"పోయినేడు. తుప్పు పట్టి కారతా ఉండె, ప్లాస్టిక్ వేయించినాం," అన్నాడు శ్రీనివాస్. "నీళ్ల పనికి కరెంటాయన్ను ఎవరు పిలుస్తారు సార్?"

నిజమే, ఎవరూ పిలవరు. ప్లాస్టిక్ దగ్గర భూమికి దారి తెగిపోయింది. లీకైన కరెంటు ఎర్త్ తీగ వెంటే వచ్చి ఇంట్లోని ఇనుప పైపులన్నిటికీ పాకుతోంది.

ఆ రోజే పెరట్లో గుంత తవ్వించి, ఎర్త్ పైపు దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు నింపి కొత్త తీగ లాగాం. ఇనుప పైపులనూ దానికే కలిపాం. గీజర్ మార్చాం. లీకేజీ కనిపెట్టిన వెంటనే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ అనే స్విచ్ పెట్టాం. మీటరుతో కొలిచి, ఇక భయం లేదన్నాను.

"మీటరు చెప్తే సరా? నువ్వు కూర్చోని ముట్టు అప్పా," అంది నాగరత్నమ్మ.

ప్యాంటు మడిచి, తడినేల మీద కాళ్లు చాపి కూర్చుని కొళాయి తిప్పాను. ఆమె నా మొహమే చూస్తోంది.

"ఏమీ లేదమ్మా."

"శీనా, ఫోన్ చెయ్. రమ్మను."

సాకెట్‌లో తీగ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదని అందరికీ చెబుతుంటాను. ఆ తీగ మట్టిలోకి దిగే చోటు కళ్లారా చూడాలి. ఆ ఇంటి పని తర్వాత దానికి ఒక ప్రశ్న కలిసింది: ఈ మధ్య నీళ్ల పైపులేమైనా మార్చారా?